పాత కారుతో సరిహద్దు జిల్లాకు మకాం: ఊరు, షెడ్డు, కాగితాలు ఎలా చూసుకోవాలి

ఇంట్లో అంబాసిడరో, పద్మినీయో, స్టాండర్డ్ హెరాల్డో, పాత జీపో ఉన్నవాళ్లు ఊరు మారేటప్పుడు బడి, ఆసుపత్రి, మంచినీళ్లు చూసుకుంటే సరిపోదు. గాలిలో తేమ ఎంత, కార్బొరేటర్ విప్పి మళ్లీ బిగించగల మేస్త్రీ ఎంత దూరంలో ఉన్నాడు, ఆర్సీ ఏ రాష్ట్రానిది అన్నవి కూడా చూడాలి. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం. మహారాష్ట్రలో నాందేడ్, దెగ్లూరు, ధర్మాబాద్, చంద్రాపూర్, సిరొంచ. ఈ ఊళ్లలో మనకు తెలుగు వినబడుతుంది. కారుకు మాత్రం ఒక ఊరికీ ఇంకో ఊరికీ పోలికే ఉండదు. పైగా ఇవన్నీ సరిహద్దు జిల్లాల ఊళ్లు. కొన్నిచోట్ల ఇల్లు నాలుగు మైళ్లు అటు తీసుకుంటే ఒక రాష్ట్రం, ఇటు తీసుకుంటే ఇంకో రాష్ట్రం. సగం నిర్ణయం అక్కడే ఉంది.

1. ముందు బండి జాతకం రాసుకోండి

ఇల్లు వెతకబోయే ముందు ఒక తెల్లకాగితం మీద ఇవి రాయండి: మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఆర్సీ గడువు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు. నంబర్లు ఆర్సీలో చూసి ఎత్తి రాయకండి. బానెట్ ఎత్తి, గ్రీజు తుడిచి, బండి మీద చదివి రాయండి. రెండూ సరిపోవాలి. పెట్రోలు అంబాసిడర్‌కు ఏ కాలంలోనో డీజిల్ ఇంజన్ ఎక్కించి, ఆ మార్పు ఆర్సీలో రాయించని బండ్లు చాలానే తిరుగుతున్నాయి. సొంత ఊళ్లో ఎవరూ అడగరు. రాష్ట్రం మారేటప్పుడు తనిఖీలో మొదట బయటపడేది అదే. దాన్ని ఇప్పుడున్న ఆర్టీవో ఆఫీసులోనే సరిచేయించుకోవాలి. కొత్త రాష్ట్రానికి వెళ్లాక సరిచేయించడం చాలా కష్టం.

ఆర్సీ పాత పుస్తకం రూపంలో ఉంటే ఇంకో పని కూడా ఉంది. ఆ వివరాలు వాహన్‌లో, అంటే ఆర్టీవో ఆఫీసుల కంప్యూటర్ రికార్డులో, ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని పాత ఆఫీసు ఇచ్చే కాగితం) దరఖాస్తు ముందుకే కదలదు. పాత ఆఫీసులో అసలు పుస్తకం చూపించి ఆ పాత వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. దీనికి వారం పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. అందుకే మకాం మార్చే పనుల్లో దీన్ని మొట్టమొదట పెట్టండి.

తర్వాత మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కారు తిరగడానికా, చూపించడానికా? మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండిని 2021 నాటి కేంద్ర నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకు ఫీజు రూ. 20,000, గడువు 10 ఏళ్లు. నంబరులో రాష్ట్ర కోడు పక్కన వీఏ అని వస్తుంది. ఇప్పటికే నంబరు ఉన్న బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఆ నమోదుతో ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. ఆదివారం బజారుకు వెళ్లాలన్నా, పెళ్లిళ్లకు కుటుంబంతో వెళ్లాలన్నా వింటేజ్ జోలికి పోకుండా మామూలు రిజిస్ట్రేషన్‌నే ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి. 10 ఏళ్ల డీజిల్, 15 ఏళ్ల పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానివి. వాటిని చూపించి కారును తక్కువకు కొట్టేయాలని చూసే దళారుల మాట నమ్మకండి.

2. సరిహద్దుకు ఏ పక్కన?

మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. పాత ఆఫీసులో ఫారం 28తో ఎన్ఓసీ, కొత్త ఆఫీసులో ఫారం 27తో కొత్త నంబరు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు, చెల్లుబాటయ్యే ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, కొత్త చిరునామా రుజువు కావాలి. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉన్న బండ్లు ఉంటాయి. ఆ పేరు ముందు తీయించండి. కొత్త రాష్ట్రం మళ్లీ పన్ను కట్టించుకుంటుంది. పాత రాష్ట్రం నుంచి మిగులు వాపసు అడగొచ్చు గానీ, ముప్పై నలభై ఏళ్ల బండికి ఆ మొత్తం మీద ఆశ పెట్టుకోవద్దు. మహారాష్ట్రలో 15 ఏళ్లు దాటిన సొంత బండ్లకు పర్యావరణ పన్ను కూడా ఉంటుంది.

ఇక్కడే సరిహద్దు ఊళ్ల సౌకర్యం పనికొస్తుంది. కారు ఆంధ్ర నంబరుదైతే ఇల్లు ఇచ్ఛాపురంలో పెట్టుకుని పనులకు బరంపురం వెళ్లొచ్చు, దూరం దాదాపు 25 కిలోమీటర్లే. పర్లాకిమిడికి పక్కనే పాతపట్నం, రెంటికీ మధ్య ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. తెలంగాణ నంబరైతే దెగ్లూరుకు ఇటు మద్నూరు, ధర్మాబాద్‌కు ఇటు బాసర, సిరొంచకు వంతెన ఇవతల కాళేశ్వరం. ఉద్యోగం ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఉన్నా కారు ఉండే ఇల్లు ఇవతల పెట్టుకుంటే ఎన్ఓసీ, కొత్త పన్ను, కొత్త నంబరు ఏవీ అక్కర్లేదు. 1989కి ముందు వచ్చిన మూడక్షరాల నంబరు పలక మీద మమకారం ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. రాష్ట్రం మారితే ఆ నంబరు పోతుంది. ఇది దొంగదారిగా మాత్రం పనికిరాదు. కారు నిజంగా ఇవతలే ఉండాలి.

ఇవతలైనా చిరునామా మారితే 30 రోజుల్లో ఫారం 33తో చెప్పాలి. అవతలకే వెళ్లాలనుకుంటే మీ ఆఫీసు ఎక్కడో ముందే చూసుకోండి. బరంపురం ఉన్న గంజాం జిల్లా ఆఫీసు (నంబరు కోడు ఓడీ 07) బరంపురంలో కాదు, ఛత్రపురంలో ఉంది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా ఓడీ 20, రాయగడ ఓడీ 18, జయపురం ఉన్న కోరాపుట్ ఓడీ 10. నాందేడ్ ఎంహెచ్ 26, చంద్రాపూర్ ఎంహెచ్ 34, గడ్చిరోలి ఎంహెచ్ 33. సిరొంచలో ఉండేవాళ్లకు గడ్చిరోలి వెళ్లి రావడమంటే ఒక రోజు పోయినట్టే.

3. గాలిని పరీక్షించండి

పాత కారుకు వయసు కన్నా పెద్ద శత్రువు తేమ. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము వేగంగా తుప్పు పట్టడం మొదలవుతుంది. అందులో ఉప్పు కలిస్తే ఎండాకాలంలో కూడా ఆగదు.

బరంపురం నుంచి గోపాల్‌పూర్ తీరం దాదాపు 15 కిలోమీటర్లు. ఇచ్ఛాపురానికీ అదే ఉప్పుగాలి, సరిహద్దు దాటినంత మాత్రాన మారదు. తుఫానులు కూడా ఇక్కడ మామూలే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. బరంపురంలో ఉండొద్దని కాదు. అక్కడ రేకుల షెడ్డు పనికిరాదు, స్లాబే కావాలి.

జయపురం, కోరాపుట్ కొండ మీది ఊళ్లు. వాన, పొగమంచు ఎక్కువ, ఉప్పు లేదు. వానాకాలం నాలుగు నెలలు కాపాడుకుంటే చలికాలం బండికి హాయి. నాందేడ్, దెగ్లూరు ప్రాంతం ఏడాదిలో ఎక్కువ భాగం పొడిగా ఉంటుంది. బాడీకి అంతకన్నా మంచి గాలి ఈ జిల్లాల్లో దొరకదు. పొడి వేడికి తలుపుల రబ్బరు బీడింగులు, రబ్బరు బుష్‌లు, డ్యాష్‌బోర్డు పగులుతాయి నిజమే. కానీ బీడింగు మార్చడం ఒక పూట పని. తుప్పు తిన్న సిల్లు (తలుపుల కిందుండే పొడవాటి రేకు పట్టీ) కోసి కొత్త రేకు అతకడం నెల రోజుల పని. ఏది పోతే నష్టమో దాన్నిబట్టి ఎంచుకోండి. చంద్రాపూర్, బల్లార్షాల్లో వేసవి 47 డిగ్రీల దాకా వెళ్తుంది. దానికి తోడు బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం. బానెట్ మీద పడిన నుసిని పొడిగుడ్డతో తుడిస్తే పెయింటు మీద గీతలు పడతాయి. నీళ్లు పోసి కడగడమే దారి.

ఎవరి మాటా నమ్మకుండా మీరే తేల్చుకునే పద్ధతి ఒకటుంది. ఒకే రేకు నుంచి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఇనుప ముక్కలు కోయించండి. 120 నంబరు ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, థిన్నరుతో తుడిచి, చేతి చెమట అంటకుండా దారం కట్టండి. మీరు చూస్తున్న ప్రతి షెడ్డులోనూ ఒకటి నీడలో వేలాడదీసి, ఆగస్టులో 10 రోజులు వదిలేయండి. పక్కన కొన్ని వందల రూపాయల తేమ మీటరు పెట్టండి. పది రోజుల తర్వాత ముక్కలన్నీ పక్కపక్కన పెడితే ఏ ఊరు మీ బండికి మంచిదో కళ్లకే కనిపిస్తుంది. అదే ఊళ్లో రెండు షెడ్ల మధ్య కూడా చాలా తేడా వస్తుంది. చెరువు గట్టు పక్కది ఒకలా, గాలి ఆడే మిట్ట మీదిది ఇంకోలా.

4. ఇంటి కన్నా ముందు షెడ్డు

అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు, వెడల్పు 1.67. తలుపులు రెండు పక్కలా తెరిచి మనిషి వంగి పనిచేయాలంటే లోపల కనీసం 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కావాలి. పక్కన పనిబల్ల కూడా పెట్టుకోవాలంటే 15. షట్టరు 9 అడుగులు. బండి తిరగడానికి దాదాపు 11 మీటర్ల వ్యాసం ఉన్న వృత్తం కావాలి కాబట్టి ఇరుకు సందులో ఇల్లు చూస్తే టేపు పట్టుకుని వెళ్లండి. పెద్ద బజారు వెనక పాత వీధుల్లో ఇల్లు నచ్చి, కారు మలుపు తిరగక వెనక్కి వచ్చేవాళ్లు ఉంటారు.

నేల పరీక్ష తప్పనిసరి. 18 అంగుళాల చదరపు పాలిథిన్ షీటును గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి, ఒక రాత్రీ పగలూ వదిలేయండి. తీసి చూస్తే అడుగున చెమ్మ పట్టినా, గచ్చు రంగు ముదిరినా నేల నుంచి తడి ఎక్కుతున్నట్టు. అలాంటి షెడ్డులో కారు పైకి తళతళలాడుతున్నా కింద నుంచి తుప్పు తినేస్తుంది. సొంతంగా కట్టించుకుంటే కాంక్రీటు కింద మందపాటి పాలిథిన్ పరిపించండి.

నాందేడ్ వైపు నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. గోడల్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు ఉన్నాయేమో, షట్టరు ఒక పక్క పట్టేస్తోందేమో చూడండి. ఆ నేలలోనూ, బరంపురంలాంటి తీరపు ఊళ్లలోనూ కింద పనిచేయడానికి గొయ్యి తవ్వించకండి. నీళ్లు ఊరతాయి. గొయ్యికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, వచ్చి గొయ్యిలోనే నిలుస్తుంది. మంట అంటుకోవడానికి ఒక్క బల్బు పగిలినా చాలు. ర్యాంపులు గానీ, స్టాండులు గానీ వాడండి.

వానాకాలంలో షెడ్డుకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే మంచిదనుకుంటారు. అది బయటి తడిగాలిని లోపలికి లాగుతుంది. తలుపులు మూసి, రోజుకు 20 లీటర్ల దాకా నీరు లాగే డీహ్యూమిడిఫయర్ పెట్టి, తేమ మీటరు 55 శాతం దగ్గర నిలిచేలా చూడండి. ప్లాస్టిక్ కవరు అసలు వద్దు, చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది. కాటన్ దుప్పటి చాలు. బాడీ కింద తారు మందంగా పూయించే అలవాటు కూడా మానండి. తారు పగిలాక ఉప్పునీరు దాని వెనక చేరితే బయటికి కనబడదు. మైనం రకం స్ప్రే వాడి ఏటా మళ్లీ కొట్టించండి. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలను తీగతో పొడిచి ఉంచండి. అంబాసిడర్ తలుపులు కింద నుంచి కుళ్లడానికి సగం కారణం ఆ రంధ్రాలు పూడిపోవడమే.

షెడ్డుకు స్థలం కొనాలనుకుంటే ఒక జాగ్రత్త. కోరాపుట్, రాయగడ, మల్కాన్‌గిరి, నబరంగ్‌పూర్ షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. చవగ్గా వస్తోందని తెల్లకాగితం మీద కొంటే అది వాళ్లకు అన్యాయం, మీకు నష్టం. మహారాష్ట్రలో రైతు కానివాళ్లు వ్యవసాయ భూమి కొనడం కుదరదు. ఎన్ఏ (వ్యవసాయేతర స్థలంగా మార్చినది) అయిన స్థలమే చూడండి.

5. చేతులున్నాయా, సామాను వస్తుందా

మెకానిక్ ఒక్కడు సరిపోడు. ఇంజన్ మేస్త్రీ, రేకు పని తెలిసిన టింకరింగ్ మేస్త్రీ, లేత్, ఇత్తడి రేడియేటర్ సోల్డరింగ్ చేసేవాడు, డైనమో వైండింగ్ చేసేవాడు. వీళ్లు గంట దూరంలో ఉండాలి. వాళ్ల వయసు కూడా చూడండి. షాపులో కుర్రాళ్లు ఎవరూ నేర్చుకోకపోతే ఆ షాపు ఇంకెన్నేళ్లు ఉంటుందో లెక్కేసుకోండి.

మేస్త్రీని పరీక్షించడానికి పెద్ద పని ఇవ్వక్కర్లేదు. పాత ఇంజన్ ఉన్న పెట్రోలు అంబాసిడర్ ట్యాపెట్ (వాల్వుల దగ్గరుండే సందు) సెట్ చేయమనండి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) తీసి, పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) అని తనే చెబితే మంచి చెయ్యి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ కూడా దాదాపు అంతే, ప్లగ్గు పాతిక. చెవితో విని బిగించేవాళ్లూ ఉంటారు, వాళ్లలో గొప్పవాళ్లూ ఉంటారు. కానీ కొత్త ఊళ్లో మొదటి ఏడాది గేజ్ ఉన్నవాడి దగ్గరికే వెళ్లండి.

జయపురంలో ఉంటే రేకు పనికి సాలూరు దాకా దిగి చూడండి. లారీల ఊరు అది, బాడీ కట్టే చేతులు అక్కడ ఉన్నాయి.

సామాను సంగతికొస్తే రైలు పటం తీసి చూడండి. అంబాసిడర్ తయారీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 2014లో ఆగిపోయింది. పాత సామానుకు కోల్‌కతా మల్లిక్ బజార్ పెద్ద ఆధారం. బరంపురం హౌరా–చెన్నై లైను మీదే ఉంది. పద్మిని బొంబాయి బండి కాబట్టి నాందేడ్‌లో ఉన్నవాళ్లకు ముంబై రైళ్లు కలిసొస్తాయి. బల్లార్షా ఢిల్లీ–చెన్నై లైను మీద ఉంది కాబట్టి అటు ఢిల్లీ కాశ్మీరీ గేట్, ఇటు చెన్నై పుదుపేట రెండూ అందుతాయి. ఏ ఊరైనా సరే, బయల్దేరే ముందు ఇవి పెట్టెలో ఉండాలి: పాయింట్లు 2 సెట్లు, కండెన్సర్లు 2, పెట్రోలు పంపు డయాఫ్రం కిట్, మాస్టర్ సిలిండర్ కిట్, నాలుగు చక్రాల సిలిండర్ కిట్లు, ఫ్యాన్ బెల్టులు 2, రేడియేటర్ పైపులు, హెడ్ గాస్కెట్ ఒకటి.

6. రోడ్డు, పెట్రోలు

కొండ మీది మకాం ఎంచుకుంటే సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి మీద మీ కారుతోనే ఒకసారి ఎక్కి దిగండి. నలుగురు మనుషులు ఎక్కి, మే నెల మధ్యాహ్నం వెళ్తేనే అది పరీక్ష. ఎక్కిన గేరులోనే దిగాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న బండిలో పెడల్ మీద కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాగి బ్రేకు పట్టదు. డాట్ 3 బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక 140కే మరుగుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. తడి ఊళ్లో ఏటా మార్చండి. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు కాబట్టి మిశ్రమం కొంచెం రిచ్ అవుతుంది, అంటే గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ఎస్‌యూ రకం కార్బొరేటర్ ఉంటే జెట్ నట్టును పైకి ఒక ముఖం (ఆరో వంతు చుట్టు) తిప్పి, ప్లగ్గు రంగు చూసుకోండి. సోలెక్స్ రకం అయితే జెట్లు ముట్టకండి.

చంద్రాపూర్ వేడిలో సమస్య వేరు. పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగితే పైపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. పంపుకూ ఎగ్జాస్టుకూ మధ్య రేకు అడ్డం పెట్టించండి, పైపును ఇంజన్‌కు దూరంగా మళ్లించండి. రేడియేటర్ కోరు శుభ్రం చేయించకుండా ఆ ఊళ్లో మే నెల గడపాలనుకోకండి.

20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు అన్నిచోట్లా ఉంది. పాత రబ్బరు పైపులు, డయాఫ్రం మెత్తబడి ఊడిపోతాయి. ఇథనాల్ తట్టుకునే వైటన్ పొర ఉన్న పైపు ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా మార్పించండి. తీరపు ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. ఇథనాల్ గాలిలో తేమ పీల్చి, నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కు దిగుతుంది. నెలకోసారి అడుగు నుంచి గాజు సీసాలోకి పట్టి రాత్రంతా ఉంచండి. అడుగున వేరే పొర కనబడితే ట్యాంకు ఖాళీ చేయించాలి. రెండు నెలలకు మించి ఒకే పెట్రోలు ట్యాంకులో ఉంచొద్దు. షెడ్డులో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మేలు చేయదు, సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నీరు చేరుస్తుంది. పదిహేను రోజులకోసారి 15, 20 కిలోమీటర్లు తిప్పండి. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వదిలి చక్రాలకు చెక్క అడ్డం పెట్టండి, లేకపోతే బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి.

7. పదకొండు నెలల అద్దె

కొనే ముందు అద్దెకుండండి. జూన్ 1న మొదలుపెట్టి 11 నెలల ఒప్పందం రాసుకుంటే వానాకాలం, అక్టోబరు తుఫాను రోజులు, చలికాలం, ఎండల మొదలు అన్నీ చూస్తారు. పాత చిరునామాలో ఇల్లు అలాగే ఉంటే అప్పటికి 12 నెలల గడువు కూడా దాటదు. కారును సొంతంగా నడిపి తెచ్చినా, ఫ్లాట్‌బెడ్ లారీ మీద తెచ్చినా, వచ్చిన రోజే పెట్రోలు బిల్లో లారీ రసీదో భద్రపరచండి. బండి ఎప్పుడు వచ్చిందని దారిలో ఆపి అడిగితే చూపించడానికి అదే ఆధారం. లారీ మీదైతే తాళ్లు బంపరుకు కట్టనివ్వకండి, చక్రాలకు పట్టీలు వేయించండి. ఎక్కించే ముందు నాలుగు పక్కలా, కిందా ఫొటోలు తీయండి.

డిసెంబరులో కారు కింద పడుకుని సిల్లులు, ఫ్లోరు, డిక్కీ అడుగు టార్చి వేసి చూడండి. వచ్చిన రోజు తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని పోల్చండి. వచ్చిన తొమ్మిదో నెలకు మనసు తేల్చుకోండి. ఉండిపోవాలనుకుంటే పాత ఆఫీసులో ఎన్ఓసీకి అప్పుడే పెట్టండి, పన్నెండో నెలలోపు కొత్త ఆఫీసులో ఫారం 27 పడాలి. ఆ అద్దె ఒప్పందం చిరునామా రుజువుగా పనికొస్తుందేమో కొత్త ఆఫీసులో ముందే అడిగి, నోటరీ చేయించి ఉంచుకోండి. మహారాష్ట్రలోనైతే నోటరీ చాలదు, రిజిస్టరు చేయించాలి.